కండరమే గవాహీ చెప్పింది

మా ఖాలా కొడుకుని మొహల్లాలో అందరూ కామ్‌చోర్ అనేవాళ్లు. మెట్లెక్కితే కాళ్లు పట్టేస్తాయనేవాడు. బిందె మోస్తే చేతులు కొయ్యబారతాయనేవాడు. కాసేపు కూర్చుంటే మళ్లీ మామూలే. అందుకే ఎవరికీ యకీన్ కుదరలేదు. నేనూ నవ్వినవాణ్నే. రక్త పరీక్షలో ‘మెకార్డిల్ జబ్బు’ అని తేలాక సిగ్గేసింది. దాని తారీఖ్ వెతుక్కుంటూ కూర్చున్నాను.

1951లో లండన్ డాక్టర్ బ్రయాన్ మెకార్డిల్ ఇలాంటి దర్ద్ ఉన్న 30 ఏళ్ల మనిషి గురించి రాశాడు. కండరం గట్టిగా పనిచేసేటప్పుడు తనలో దాచుకున్న గ్లైకోజెన్‌ని కరిగించి తాఖత్ తెచ్చుకుంటుంది. అప్పుడు లాక్టిక్ ఆమ్లం పుడుతుంది. ఇతని రక్తంలో అది పెరగలేదు. గ్లైకోజెన్‌ని విడగొట్టే ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైమే ఈ జబ్బులో ఉండదని 1959లో తెలిసింది. ఇంట్లో బియ్యం బస్తా ఉంది, గదికి తాళంచెవి లేదు. అంతే.

అది చూడాలంటే కండరం ముక్క కోసి తీయాలి. కోసిన ముక్క పనిచేస్తూ కనబడదు కదా! ఆక్స్‌ఫర్డ్‌లో, హంగేరీలో పుట్టిన జార్జ్ రాడ్డా, ఆయన సాథీలు వేరే దారి పట్టారు. బలమైన అయస్కాంతంలో పెట్టి రేడియో తరంగాలు పంపితే, కండరంలోని ఫాస్ఫరస్ జవాబిస్తుంది. ఏటీపీ ఒక చోట, ఫాస్ఫోక్రియాటిన్ ఒక చోట గీతలుగా లేస్తాయి. ఆమ్లం పెరిగితే ఫాస్ఫేట్ గీత కొంచెం జరుగుతుంది. 1974లో ఎలుక కాలి కండరంలో వాళ్లు ఈ గీతల్ని చూశారు.

1981లో మెకార్డిల్ జబ్బు ఉందని షక్ ఉన్న ఒక మనిషి ముంజేతిని ఆ అయస్కాంతంలో పెట్టి పని చేయించారు. మనలాంటి వాళ్లకైతే ఆమ్లం పెరిగేది. అతనికి పెరగలేదు. కత్తి లేదు, సూది లేదు. కండరమే తన తరఫున గవాహీ చెప్పింది.

ఇవాళ జన్యు పరీక్ష వచ్చింది. ఫాస్ఫరస్ చూసే ఏర్పాటు మామూలు ఎంఆర్‌ఐ మిషన్లలో ఉండదు, ఎక్కువగా పరిశోధనలకే వాడతారు. జబ్బుకి పూర్తి ఇలాజ్ ఇంకా లేదు. మెల్లగా నడిస్తే పది నిమిషాలకి కొంత సులువవుతుంది. మావాడు జుమాకి అందరికంటే ముందే బయల్దేరతాడు.

మీ ఇంట్లో పిల్లలెవరైనా పని చేస్తే దర్ద్ అంటే, ఆ తర్వాత మూత్రం ముదురు రంగులో వస్తే, డాక్టర్‌కి చూపించండి. కామ్‌చోర్ అనకండి. నేను అన్నాను, ఇప్పటికీ మాఫీ అడుగుతూనే ఉన్నాను.