సున్నపురాయి నీళ్లు, కాలిన గింజలు: నల్ల లాగర్ పుట్టుపూర్వోత్తరాలు

వైన్‌షాపు కిటికీ దగ్గర బీరు అడిగితే ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "స్ట్రాంగా, లైటా?" చందర్లపాడులోనైనా, నందిగామలోనైనా, జగ్గయ్యపేటలోనైనా బీరుకు మనం నేర్చుకున్న కొలత అదే. అందుకే గ్లాసులో నల్లటి బీరు కనబడగానే మనవాళ్లు కొంచెం వెనక్కి తగ్గుతారు. ఇంత నల్లగా ఉందంటే ఎంత ఘాటో అనుకుంటారు. నిజానికి జర్మన్ పద్ధతిలో కాచి చలిలో ఊరబెట్టిన నల్ల లాగర్‌లో ఆల్కహాలు అయిదు శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. మన షాపుల్లో బంగారు రంగులో మెరిసే స్ట్రాంగ్ బీర్లు ఏడు, ఎనిమిది శాతం దాకా పోతాయి. రంగు నిప్పు వల్ల వస్తుంది. మత్తు చక్కెర పులవడం వల్ల వస్తుంది. ఈ రెండూ వేర్వేరు పనులు.

హైదరాబాదులో ఒక మైక్రోబ్రూవరీలో నల్ల లాగర్‌ను నిదానంగా రుచి చూసినప్పుడు నాకు మొదట నచ్చింది దాని రంగే. గ్లాసును దీపానికి అడ్డంగా ఎత్తితే అది పూర్తి నలుపు కాదు, అంచుల్లో ముదురు ఎరుపు తొణికిసలాడుతుంది. పైన నురుగు లేత గోధుమరంగులో, సన్నటి బుడగలతో చాలాసేపు నిలుస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెనం మీద కాలిన జొన్నరొట్టె అంచు వాసన, దాని వెనక కాస్త ముదురుపాకం. ఇంత వాసన చూశాక నోట్లో చిక్కగా, బరువుగా ఉంటుందనుకుంటాం. అలా ఉండదు. పలుచగా, నునుపుగా దిగిపోతుంది. తీపి ముందుగా పలకరించి తప్పుకుంటుంది. చివర్న చిన్న చేదు తగులుతుంది, అది కూడా ఎక్కువసేపు ఉండదు. నాలుక శుభ్రంగా మిగులుతుంది. గిన్నెస్ లాంటి ఐర్లండ్ స్టౌట్ కూడా నల్లగానే ఉంటుంది గానీ అందులో వేయించిన బార్లీ చేదే పెత్తనం చేస్తుంది. లాగర్‌లో ఆ వేపుడు రుచి మర్యాదగా పక్కన నిలబడుతుంది. నా మటుకు ఈ బీరు గొప్పతనమంతా అక్కడే ఉంది.

ఆ వేపుడు రుచికి మూలం మాల్ట్. రాగిమాల్ట్ తాగి పెరిగినవాళ్లకు అదేమిటో వేరే చెప్పక్కర్లేదు. గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టడమే. బీరుకు రాగుల బదులు బార్లీ. మొలకెత్తిన గింజను పూర్వం యూరపులో కట్టెల మంట మీద ఆరబెట్టేవారు. మంటను అదుపులో ఉంచడం కష్టం కాబట్టి గింజ ఎంతో కొంత కమిలేది, పొగ పట్టేది. అందువల్ల పాతకాలపు బీర్లు ఎక్కువగా గోధుమరంగులోనో, నలుపులోనో ఉండేవి. ఇంగ్లండులో కోక్ బొగ్గు వాడకం వచ్చాకే సమమైన వేడి మీద లేతరంగు మాల్ట్ విరివిగా తయారుచేయడం కుదిరింది. అంటే మనం బీరు అనగానే ఊహించుకునే పసుపురంగు పానీయం ఈ వంశంలో చిన్నది. నల్లది పెద్దది.

గింజలోని చక్కెరలూ, మాంసకృత్తుల ముక్కలూ వేడికి కలిసి గోధుమరంగు పదార్థాలుగా మారతాయని 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ వివరించాడు. అంతకు దాదాపు వందేళ్ల ముందే, 1817లో, డేనియల్ వీలర్ అనే ఇంగ్లీషువాడు కాఫీగింజలు వేయించే డోలు లాంటి యంత్రంలో మాల్ట్‌ను నల్లగా వేయించే పద్ధతికి పేటెంట్ పొందాడు. దానితో బీరు నలుపుకు గింజలన్నీ మాడ్చే అవసరం పోయింది. కాసిన్ని నల్లగింజలు చాలు, మిగతావి లేతవే. ఇప్పుడు తూర్పు జర్మనీ తరహా నల్ల లాగర్, ష్వార్ట్జ్‌బియర్, చేసేది చాలావరకు ఇలాగే. మ్యూనిక్‌లో కాచే డుంకెల్ మాత్రం వేరు. దానికి గింజంతా మధ్యస్థంగా కాలినదే. అందుకే డుంకెల్‌లో రొట్టె రుచి ఎక్కువ, ష్వార్ట్జ్‌బియర్‌లో కాఫీ ఛాయ ఎక్కువ. రెండింటిలో నేను డుంకెల్ వైపు.

నాలుక మీద మిగిలే ఆ శుభ్రత మాత్రం నిప్పు ఇచ్చింది కాదు. అది చలి ఇచ్చింది. బవేరియాలో కాచినవాళ్లు బీరును కొండ గుహల్లో, నేలమాళిగల్లో వారాల తరబడి, నెలల తరబడి నిలవ ఉంచేవారు. చలికాలంలో కోసిన మంచును పక్కన పేర్చేవారు. వేసవిలో కాచిన బీరు చెడిపోతోందని 1553లో అక్కడ ఒక కట్టడి పెట్టారు. సెప్టెంబరు 29 నుంచి ఏప్రిల్ 23 దాకా మాత్రమే బీరు కాయాలి. వేసవిలో కాచడం పూర్తిగా బందు. ఆ కట్టడి వల్ల చలిలో పనిచేసే ఈస్ట్‌కే ఏటేటా ఆదరణ దక్కింది. నేలమాళిగల మీద ఎండ పడకుండా చెస్ట్‌నట్ చెట్లు నాటారు. ఆ నీడల్లో బల్లలు వేసి జనం కూర్చోవడంతో మ్యూనిక్ బీరు తోటలు మొదలయ్యాయి.

ఆ ఈస్ట్ కథ నిన్నమొన్నటిదాకా సగమే తెలుసు. లాగర్ ఈస్ట్ రెండు జాతుల సంకరం. ఒకటి మన కల్లులోనూ, బేకరీ రొట్టెలోనూ పనిచేసే సాకరోమైసిస్ సెరివిసియే. రెండోది ఏదో తెలియక శాస్త్రవేత్తలు చాలాకాలం వెతికారు. చివరికి 2011లో అర్జెంటీనాలోని పటగోనియా అడవుల్లో, బీచ్ జాతి చెట్లకు వచ్చే బుడిపెల మీద దాన్ని కనుక్కుని సాకరోమైసిస్ యూబయానస్ అని పేరు పెట్టారు. తరవాత అది టిబెట్‌లోనూ, ఐర్లండ్‌లోనూ కనబడింది. చలికి ఓర్చుకునే గుణం లాగర్‌కు అటునుంచి వచ్చిందే. పది డిగ్రీల దగ్గర నిదానంగా పులిసి, ఆ తరవాత దాదాపు గడ్డకట్టే చలిలో వారాలపాటు ఊరుతుంది. పులిసేటప్పుడు పుట్టిన పచ్చివాసనలు అలా ఊరడంలోనే పోతాయి.

చందర్లపాడు వాతావరణం దీనికి పూర్తిగా విరుద్ధం. నందిగామకు దక్షిణాన, కృష్ణ ఒడ్డున గుడిమెట్ల దాకా పరుచుకున్న ఈ పత్తి, మిరప నేలల్లో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఇక్కడి పానీయం తాటికల్లు. గీతకార్మికుడు మోకు వేసుకుని చెట్టెక్కి, గెల చెక్కి, లొట్టి కట్టి దిగుతాడు. చుక్క లొట్టిలో పడుతూనే పులవడం మొదలవుతుంది. గాలిలో, చెట్టు మీద, పాత లొట్టిలో ఉన్న ఈస్టే దానికి చాలు. పొద్దున దించినది తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పులిసిపోతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులవడం ఆగి నీరా అవుతుంది. లాగర్‌కు నెలలు పట్టే పనిని కల్లు ఒక్కపూటలో ముగిస్తుంది. ఆల్కహాలు మాత్రం రెండింటిలో ఇంచుమించు ఒకటే. ఇందులో ఒకటి నాగరికం, ఒకటి మోటు అనేవాళ్లతో నేను ఏకీభవించను. వేడిని వాడుకోవడం ఒక విద్య, చలిని వాడుకోవడం ఇంకో విద్య.

ఇంత దూరమున్నా ఒక్క విషయంలో మన మెట్ట ప్రాంతానికీ మ్యూనిక్‌కూ పోలిక ఉంది. నీళ్లు. జగ్గయ్యపేట చుట్టుపక్కల నేల కింద ఉన్నది సున్నపురాయి. జయంతిపురం, ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది అందుకే. సున్నపురాయి మీదుగా వచ్చిన నీళ్లలో బైకార్బొనేట్లు చేరి కఠినజలమవుతుంది. మ్యూనిక్ నీళ్లూ అలాంటివే. ఆ నీళ్లతో లేత మాల్ట్ కాస్తే బీరు మొరటు చేదెక్కుతుంది. ముదురు మాల్ట్‌లో సహజంగా ఉండే ఆమ్లగుణం ఆ క్షారాన్ని సరిచేసి రుచిని గుండ్రంగా చేస్తుంది. మ్యూనిక్ వాళ్లు వందల ఏళ్లు ముదురు బీరు కాచింది ఇష్టంతోనే కాదు, వాళ్ల బావులు దానికే ఒప్పుకున్నాయి. బొహీమియాలోని పిల్సెన్‌లో నీళ్లు మెత్తన. అక్కడ 1842 అక్టోబరు 5న యోసెఫ్ గ్రోల్ లేత మాల్ట్‌తో మొదటి బంగారు రంగు లాగర్ కాచాడు. గాజు గ్లాసులు చౌకైన కాలం, రైళ్లు వచ్చిన కాలం. ఆ పసుపురంగు ప్రపంచమంతా పాకింది. మ్యూనిక్‌లో స్పాటెన్ కంపెనీ తనదైన లేతరంగు లాగర్‌ను అమ్మకానికి పెట్టడానికి 1894 దాకా పట్టింది.

ఆ మధ్యకాలంలో జరిగిన రెండు సంగతులు లేకపోతే మన దేశానికి లాగర్ వచ్చేదే కాదు. కార్ల్ ఫాన్ లిండే 1870లలో శీతలయంత్రాన్ని తయారుచేసి మ్యూనిక్‌లోని ఒక బ్రూవరీలో పెట్టాడు. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఈస్ట్ కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచాడు. అప్పటినుంచి చలికి కొండలు అక్కర్లేదు, ఈస్ట్‌కు అదృష్టం అక్కర్లేదు. అంతకుముందు మద్రాసులో చల్లదనం కావాలంటే అమెరికాలోని బోస్టన్ నుంచి ఓడలో మంచుగడ్డలు రావాల్సిందే. అవి దాచిన ఐస్‌హౌస్ మెరీనా ఒడ్డున నేటికీ ఉంది.  ఆ రోజుల్లో ఈస్టిండియా కంపెనీ తెల్ల సైనికుల కోసం ఓడల్లో దిగిన నల్ల బీరు పోర్టర్, లాగర్ కాదు. దక్షిణాదిన బ్రూవరీలు మొదట నీలగిరి చలినీ, బెంగుళూరు చల్లదనాన్నీ వెతుక్కున్నాయి. 1915లో థామస్ లీష్‌మన్ వాటిలో కొన్నింటిని కలిపి యునైటెడ్ బ్రూవరీస్ స్థాపించాడు.

మన ప్రాంతంలో బీరు చాలాకాలం సామాన్యుడి సరుకు కాలేదు. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం. కల్లుగీత మానుకోవాల్సి వచ్చిన కుటుంబాల కోసం గౌతు లచ్చన్న పోరాడారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక, 1954 నవంబరులో ప్రకాశం పంతులు ప్రభుత్వం ఈ నిషేధం గొడవ మీదే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తరవాత సారా వచ్చి ఇళ్లు కూల్చింది. దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ల ఉద్యమం 1993లో సారాను ఆపించింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం తెచ్చింది. 1997లో అది సడలింది. ఆ తరవాత వైన్‌షాపు సీసాలే మిగిలాయి. సారా స్థానంలోకి వచ్చిన బీరును జనం మత్తుతో కొలవడంలో ఆశ్చర్యం లేదు. 2020లో జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టు మీదుగా తెలంగాణ సీసాలు తెచ్చుకోవడం, మూడు సీసాల పరిమితిపై హైకోర్టు దాకా వ్యాజ్యం నడవడం ఈ ప్రాంతంవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు కూడా మాట్లాడుకున్నది బ్రాండు గురించీ, ధర గురించీ. రుచి గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

2015లో తెలంగాణ మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చాక హైదరాబాదులో నల్ల లాగర్ తాజాగా దొరికే అవకాశం వచ్చింది. చెకోస్లోవేకియా కాలం దాటి, కమ్యూనిస్టుల కాలం దాటి ప్రాగ్‌లోని ఉ ఫ్లెకు బ్రూవరీ 1499 నుంచి నిలిచిందంటే, జర్మనీలోని కోస్ట్రిట్జ్‌లో 1543 నాటి బ్రూవరీ ఇప్పటికీ నల్ల లాగర్ కాస్తోందంటే, అక్కడివాళ్లు దాన్ని శాతంతో కొలవకపోవడమే కారణమని నా నమ్మకం. మన బ్రూవరీలవాళ్లకు నాదొక్కటే విన్నపం. బోర్డు మీద ఆల్కహాలు శాతం పక్కన ఏ మాల్ట్ వేశారో, ఎన్ని వారాలు చలిలో ఊరబెట్టారో కూడా రాయండి. తాగే అలవాటున్నవాళ్లు దాన్ని గడ్డకట్టేంత చల్లగా అడగవద్దు. ఎనిమిది, పది డిగ్రీల దగ్గరైతేనే ఆ రొట్టె వాసన పైకి వస్తుంది. సీసా మీద అంకె చూసి తాగండి, తాగిన రోజు అరవై అయిదో నంబరు జాతీయ రహదారి మీద స్టీరింగు పట్టకండి.