ఆదోని కొండలు - కొత్త యిండ్లు

గుంతకల్లు నుండి రాయచూరు వైపు రైలులో పోవువారికి ఆదోని చేరుచుండగనే గుండ్రని బండలను ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న కొండలు కనబడును. వాటి మీద గోడలు, బురుజులు, శిథిలమైన కట్టడములు కలవు. ఆ కొండల పాదమునే నేటి ఆదోని పట్టణము, దాని బజార్లు, జామియా మసీదు ఉన్నవి. శ్రావణ మాసములో రణమండల ఆంజనేయస్వామి దర్శనమునకై వేలాది జనము కొండ యెక్కుదురు. ఆ నెల గడిచిన తరువాత ఆ మెట్లపై అంత సందడి ఉండదు. కింద పట్టణములో మాత్రము 2011 జనాభా లెక్కల ప్రకారము సుమారు 1 లక్షా 66 వేల మంది నివసించుచున్నారు.

ఊరి నడిబొడ్డుకు ఇంత దగ్గరగా నున్న కొండ ఎందుకు పాడుపడినది? కింద పుట్టిన కొత్త పేటలు ఎందుకు పెరిగినవి? నేడు కట్టుచున్న యిండ్లు రేపు నిండుగా ఉండవలెనన్న ఏమి కావలెను? ఈ మూడు ప్రశ్నలును వేరువేరుగా తోచినను, వాటికి సమాధానము ఒక్కచోటనే కలదు.

బండయే గోడ, బండయే గిన్నె

ఆదోని కొండలు గ్రానైటు జాతి రాళ్ళతో ఏర్పడినవి. దక్షిణ భారత పీఠభూమికి పునాది వంటి ఈ రాళ్ళ వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. భూమి లోతున చల్లారి గట్టిపడిన ఈ రాతిలో నిలువుగను, అడ్డముగను పగుళ్ళు ఏర్పడినవి. పైనున్న నేల కొట్టుకొని పోయిన తరువాత ఆ పగుళ్ళలోనికి నీరు దిగి, రాతిని అంచుల వెంబడి కొంచెము కొంచెముగా కొరికివేసినది. చదరముగా నున్న దిమ్మెలకు ముందుగా మూలలు అరిగిపోవును. అందువలననే మన కొండలపై బండలు ఎవరో చెక్కినట్లు గుండ్రముగా కనబడుచున్నవి.

ఇట్టి కొండ కోట కట్టుకొనువారికి రెండు విధముల ఉపకరించినది. మొదటిది, బండల మధ్య సందులను రాతితో మూసిన చాలును, సగము గోడ ప్రకృతియే కట్టి ఇచ్చినట్లగును. రెండవది నీరు. నున్నని బండపై పడిన వాన ఇంకదు. జారి పల్లమునకు చేరును. ఆ పల్లము అడుగున కూడ బండయే ఉన్నచో నీరు నిలిచి, రాయలసీమ వారు దొన అని పిలుచు నీటి గుంట ఏర్పడును. ఆదోని కోటలో మిక్కిలి యెత్తైన కొండలు బారాకిల్లా, తాలిబండ అనునవి. అవి చుట్టునున్న మైదానము కంటె సుమారు 800 అడుగుల ఎత్తు కలవి. బారాకిల్లా సగము ఎత్తున ఎన్నడును ఎండదని పేరుపొందిన చెరువొకటి కలదు. కోటను నిలిపినది గోడల కంటె ఆ చెరువే అనుట అతిశయోక్తి కాదు.

ఈ నీటి బలమెంతయో లెక్క వేసి చూడవచ్చును. ఒక హెక్టారు బండపై 10 మిల్లీమీటర్ల వాన కురిసినచో 100 ఘనపు మీటర్లు, అనగా 1 లక్ష లీటర్ల నీరు పడును. ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన అనుకొన్నచో అది 60 లక్షల లీటర్లగును. నాలుగవ వంతు వృథా అయినను 45 లక్షల లీటర్లు మిగులును. ఇంతలో ఎండ తన వంతు తీసికొనును. ఈ ప్రాంతములో తెరచియున్న నీటి నుండి ఏటా ఒకటిన్నర నుండి రెండు మీటర్ల లోతు ఆవిరియై పోవును. అందుచేత వెడల్పుగా పరచుకొన్న గుంట కంటె, అంతే నీరు పట్టు ఇరుకైన లోతైన దొన మేలు.

ఆ 45 లక్షల లీటర్లును దక్కినవనియే అనుకొందము. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున అవి సుమారు 220 మందికి ఏడాది పొడవునా సరిపోవును. కొండపై కొన్ని హెక్టార్ల బండ ఉన్నచో ఒక సైనిక దళమునకు, దానిని ఆశ్రయించి బ్రతుకు కుటుంబములకు చాలును. కాని నేటి ఆదోని సంగతి వేరు. పట్టణ ప్రమాణమైన 135 లీటర్ల లెక్కన ఈ పట్టణమునకు రోజుకు 2 కోట్ల 20 లక్షల లీటర్లకు పైగా కావలెను. ఒక హెక్టారు బండ ఏడాదంతయు కూడబెట్టిన నీరు పట్టణమునకు ఐదు గంటలకైనను చాలదు. కొండకు దండును పోషించు శక్తి కలదు. నగరమును పోషించు శక్తి లేదు.

కోట ఖాళీ అయిన వైనము

విజయనగర రాజుల కాలములో ఆదోని ముఖ్యమైన దుర్గము. 1565లో విజయనగర సైన్యము ఓడిన తరువాత, 1568లో ఇది బీజాపూరు సుల్తానుల వశమైనది. వారి పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ 17వ శతాబ్దములో కొండ దిగువన జామియా మసీదు కట్టించినాడు. ఆ శతాబ్ది చివర ఔరంగజేబు సేనలు ఆదోనిని పట్టుకొన్నవి. తరువాత ఇది నిజాము రాజ్యములో చేరి, నిజాము సోదరుడు బసాలత్ జంగు జాగీరైనది. ఆయన 1782లో మరణించినాడు. 1786లో టిప్పు సుల్తాను సుమారు ఒక నెల ముట్టడించి కోటను గెలిచి, దాని రక్షణ కట్టడములను కూల్పించి, ఫిరంగులను తరలించినాడు. 1800లో నిజాము ఈ ప్రాంతమును ఈస్టిండియా కంపెనీకి అప్పగించినాడు.

ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. కొండపై చెరువు ఆ తరువాత కూడ ఉన్నది. వానలు కురియుచునే ఉన్నవి. కాని కోటలో పని లేకపోయినది. సిపాయి, ఆయుధములు చేయువాడు, గుఱ్ఱములను చూచువాడు, వీరికి సరకులమ్ము వర్తకుడు, అందరును కోట కొలువు వలన బ్రతికినవారే. కొలువు పోయినంతనే రోజూ మెట్లెక్కుటకు కారణము లేకపోయినది. కావున ఒక పేట బ్రతుకుటకు నీరొక్కటియే చాలదు; నీటికి తోడు పని కూడ ఉండవలెను.

మైదానము పిలిచినది

పని మైదానములో దొరికినది. మద్రాసు నుండి వచ్చిన రైలు మార్గము, బొంబాయి నుండి వచ్చిన మార్గము 1871లో రాయచూరు వద్ద కలిసినవి. ఆదోని ఆ దారిపై నున్నది. చుట్టునున్న నల్లరేగడి పొలముల ప్రత్తి ఆదోనికి వచ్చి, గింజ తీయబడి, బేళ్ళుగా బిగింపబడి రైలెక్కినది. 1865లోనే పురపాలక సంఘము ఏర్పడిన ఈ ఊరు ప్రత్తి వర్తకము వలన పెరిగి రెండవ బొంబాయి అని పేరు తెచ్చుకొన్నది. 1901లో ఇక్కడి జనాభా 30,416.

అయితే మైదానములో ఇల్లు కట్టువానికి కొత్త చిక్కు ఎదురైనది. కొండపై పునాది వెదకనక్కర లేదు, బండయే పునాది. నల్లరేగడి అట్టిది కాదు. అందులోని సన్నని బంకమన్ను రేకులు రేకులుగా నుండి, తడిసినప్పుడు రేకుల మధ్యకు నీటిని పీల్చుకొని ఉబ్బును; ఎండినప్పుడు కుంచించుకొని నేల నెఱ్ఱెలు విచ్చును. ప్రత్తి వేరుకు తేమ నిలుపు గుణమే ఇంటి గోడకు శత్రువు. వానకాలము లేచి, వేసవిలో దిగు నేలపై తేలిక పునాది వేసిన గోడ కొన్నేండ్లలోనే పగులును. 1947లో స్థాపితమైన రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇట్టి నేలలకు తగిన స్తంభపు పునాదిని రూపొందించినది. నేల కదలిక తగలనంత లోతునకు రంధ్రము తవ్వి, అడుగున దానిని గంట ఆకారముగా వెడల్పు చేసి, కాంక్రీటు పోయుదురు. ఆ గంట నేలలో లంగరు వలె పట్టుకొనును; పైపొర ఉబ్బినను ఇల్లు లేవదు. ఖర్చునకు జంకి పునాదిలో మిగిల్చిన డబ్బు తరువాత గోడల మరమ్మతునకు పోవును.

ఎమ్మిగనూరు మగ్గపు గుంట

ఆదోనికి ఈశాన్యమున నున్న ఎమ్మిగనూరు కథ ఇంటికిని పనికిని గల సంబంధమును ఇంకను స్పష్టముగా చూపును. ఇది నేతగాండ్ర ఊరు. 1938లో మాచాని సోమప్ప గారు ఇక్కడ చేనేత సహకార సంఘమును స్థాపించినారు. నూలు కొని ఇచ్చుట, గుడ్డ అమ్మి పెట్టుట సంఘమే చేసినందున నేతగాడు షావుకారు అప్పు నుండి కొంత తప్పించుకొనగలిగినాడు. 1954లో ప్రభుత్వము సోమప్ప గారికి పద్మశ్రీ ఇచ్చి గౌరవించినది. 1953లో మిల్లు గుడ్డపై విధించిన ప్రత్యేక సుంకము నుండి చేనేత సంఘములకు సహాయము లభించినది. ఆ నిధితో దేశములో పలుచోట్ల నేతవారికి కాలనీలు వెలసినవి. ఎమ్మిగనూరులోను వీవర్స్ కాలనీ కలదు.

నేతవాని ఇల్లు వట్టి నివాసము కాదు, కార్ఖానా కూడ. గుంట మగ్గములో నేతగాడు నేల మట్టమున కూర్చుండి, గుంటలోనికి కాళ్ళు దించి తొక్కుడు చెక్కలను ఆడించును. ప్రత్తి నూలు తేమ తగిలినప్పుడు గట్టిపడును, పొడిగాలిలో పుటుక్కున తెగును. నేలకు అంటుకొని యుండుటచే గుంట వద్ద గాలి కొంత చల్లగా, తేమగా నుండి పోగు తెగుట తగ్గును. ఇట్టి గుంటను బండపై తవ్వుట ఎంత కష్టమో చెప్పనక్కర లేదు. మేడ మీది గదిలో తవ్వుట అసలే సాధ్యము కాదు. కనుక నేతవానికి ఇల్లిచ్చునప్పుడు గదులు లెక్కించుటకు ముందు మగ్గమునకు చోటు చూడవలెను. 2020 డిసెంబరు 25న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఇండ్ల స్థలముల పంపిణీ ప్రారంభించినప్పుడు పట్టణములలో కుటుంబమునకు 1 సెంటు చొప్పున నిర్ణయించినది. 1 సెంటు అనగా సుమారు 40 చదరపు మీటర్లు. నిద్రకు, వంటకు, మగ్గమునకు, పడుగు సాగదీయుటకు ఇంతలోనే సర్దుకొనుట నేతకుటుంబమునకు చిన్న సమస్య కాదు.

ఇటలీ నుండి ఒక పాఠము

పాత రాతి పేటను ఏమి చేయవలెనను ప్రశ్న ఆదోనికే పరిమితము కాదు. దక్షిణ ఇటలీలోని మటేరా నగరములో లోయ అంచున సున్నపురాతిని తొలిచి కట్టుకొన్న ఇండ్లలో జనము తరతరాలుగా నివసించినారు. వాననీటిని బండలో తొలిచిన తొట్లలో నిలువ చేసికొన్నారు. జనము పెరిగి, ఒకే గదిలో మనుషులు, పశువులు కలిసి ఉండగా మలేరియా వంటి జబ్బులు ప్రబలినవి. 1952లో ఆ దేశము చట్టము చేసి సుమారు 15 వేల మందిని కొత్త ఇండ్లకు తరలించినది. కొత్త ఇండ్లలో వెలుతురు, నీరు, శుభ్రత దొరికినవి. కాని నాలుగైదు ఇండ్లు ఒకే వాకిలి చుట్టు బ్రతికిన ఇరుగుపొరుగు చెదిరిపోయినది. ఖాళీ అయిన పాత పేటను బాగుచేయుటకు 1986లో మరియొక చట్టము వచ్చినది. 1993లో అది ప్రపంచ వారసత్వ స్థలమైనది. నేడు అక్కడ యాత్రికుల వసతి గృహములు నిండుగా ఉన్నవి; పాత నివాసుల సంతతి అంతగా తిరిగి రాలేదు. రాళ్ళను బాగుచేయుట సుళువు, ఇరుగుపొరుగును తిరిగి తెచ్చుట కష్టమని మటేరా చెప్పుచున్నది.

తాళము పడని ఇల్లు

1953 పశ్చిమ కర్నూలు చరిత్రలో గుర్తుంచుకొనదగిన సంవత్సరము. ఆ అక్టోబరు 1న బళ్ళారి జిల్లా నుండి ఆదోని తాలూకా ఆంధ్ర రాష్ట్రమునకు వచ్చినది. ఆ ఏడే తుంగభద్ర ఆనకట్ట నీరు వదలబడినది. దిగువ కాలువ వచ్చిన పిదప బసాపురము చెరువులో నిలిపిన ఆ నీరు ఆదోని దాహము తీర్చుచున్నది. కాని మొదట సుమారు 133 టి.ఎం.సి. పట్టిన తుంగభద్ర జలాశయములో పూడిక చేరి నేడు సుమారు 105 టి.ఎం.సి. మాత్రమే పట్టుచున్నది. 2024 ఆగస్టు 10న 19వ గేటు కొట్టుకొని పోయినప్పుడు కాలువను నమ్ముకొన్న ఊళ్ళన్నియు కలవరపడినవి. ఒక్క దూరపు నీటిపైనే ఆధారపడిన పట్టణమునకు దగ్గర నీరు కూడ కొంత ఉండుట మంచిదని దీనివలన తెలియుచున్నది.

ఇక పని సంగతి. వానలు తప్పిన ఏడు పశ్చిమ మండలముల కుటుంబములు గుంటూరు మిరప తోటలకు, బెంగుళూరు కట్టడపు పనులకు వలసపోవును. పిల్లల చదువు మధ్యలో ఆగును. కొత్త గోడలు, కొత్త కప్పు ఉన్న ఇంటికి నెలల తరబడి తాళము వ్రేలాడును. 1786 తరువాత కోటకు ఏమి జరిగినదో, వేసవిలో ఆ ఇంటికిని అదే జరుగుచున్నది. పని లేని చోట గోడలు మనిషిని పట్టి ఉంచలేవు.

కొండను బాగుచేయుట అనగా దానిపై మరల ఇండ్లు కట్టుట కాదు. వాలుపై నేలను తొలిచి ఇల్లు కట్టినచో బండలకు ఆనిక పోవును; పెద్ద వానలో నీరు సందులలో చేరి వాటిని కదల్చును. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురములో కొండచరియ విరిగి ఇండ్లపై పడి ప్రాణములు పోయినవి. కొండకు తగిన పని వేరు. దొనల పూడిక తీయుట, వాటికి నీరు జారు బండలను శుభ్రముగా ఉంచుట, మెట్లను, బురుజులను నిలుపుట, పొంగిన నీటిని దిగువ బావులలోనికి ఇంకించుట అను పనులు జరిగినచో, కొండ తన పూర్వపు ఉద్యోగములో తిరిగి చేరినట్లే. ఆ పనులు దిగువ పేటల వారికి కూలియు నిచ్చును.

కింద కట్టు ఇంటికి రేగడికి తగిన పునాది, మగ్గమునకు గుంట, కప్పుపై వాననీటికి తొట్టి, నడిచిపోగల దూరములో పని కావలెను. బారాకిల్లా చెరువు కట్టినవారు కోటలో మనుగడకు ముందుగా నీటిని చూచుకొన్నారు. నేటి ఇంటికి కూడ ఆ వరుసయే తగినది: మొదట నీరు, పిదప పని, ఆ పిదప గోడ.