విశాఖపట్టణమును పతనవేగ గణనయు

డాల్ఫిన్సు నోసని పిలువఁబడు కొండ విశాఖపట్టణపు నౌకాశ్రయమునకు దక్షిణమున సముద్రములోనికిఁ జొచ్చుకొని యున్నది. దాని యెత్తు సముద్రమట్టమునకు సుమారు 174 మీటర్లు. గాలి యడ్డును లెక్కింపక, అంత యెత్తునుండి యొక రాయి నిట్టనిలువుగాఁ బడినదనుకొన్నచో, ఇంచుమించు 6 సెకనులలో నది నీటిని దాఁకును. అప్పటి వేగము సెకనునకు 58 మీటర్లు, అనఁగా గంటకు 210 కిలోమీటర్లు. ఈ లెక్క నేఁటి పాఠశాలా విద్యార్థికిని సులభమే. కాని యందు వాడఁబడిన యంకె యొకటి సులభముగా లభించినది కాదు. పడు వస్తువు వేగము సెకనుసెకనునకు నెంత పెరుగునో తెలుపు నంకె యది. విశాఖపట్టణపు అక్షాంశమునకు సెకనుకు 9.785 మీటర్ల చొప్పున నుండును. దానిని సాధించిన చరిత్రతో నీ పట్టణమునకును సంబంధము కలదు.

భాస్కరాచార్యులు 12వ శతాబ్దిలోనే గోళాధ్యాయమున భూమికి ఆకర్షణశక్తి గలదని చెప్పియుండిరి. దీనిని బట్టి న్యూటను సిద్ధాంతమంతయు మనవారికి ముందే తెలియునని కొందఱు వాదింతురు గాని, అది యతిశయోక్తి. ఆకర్షణ కలదనుట వేఱు, దానిని కొలిచి వేగమును గణించుట వేఱు. ఆ రెండవ పని గెలీలియో చేసెను. పడు వస్తువు కంటి కందనంత వేగమున పోవును గావున, ఆయన వాలుపలకపై గుండ్లను దొర్లించి, నీటి ధారను తూఁచి కాలమును లెక్కించి, పడిన దూరము కాలవర్గము ననుసరించి పెరుగునని 1638లో ప్రకటించెను. పిదప హైగెన్సు 1673లో లోలకమునకును పతనమునకును గల గణితబంధమును నిరూపించెను. లోలకమనఁగా పదేపదే పడుచు, పదేపదే లేచుచుండు వస్తువే గదా. ఒక్క పతనమును కొలుచుటకు మాఱుగా వేలకొలఁది ఊఁపులను లెక్కించిన, పొరపాటు వేలవంతున చిన్నదగును.

1672లో రిషేరను ఫ్రెంచి పండితుఁడు భూమధ్యరేఖకు సమీపముననున్న కయెనకు గడియారమును గొనిపోఁగా, అది రోజునకు రెండున్నర నిమిషములు వెనుకఁబడెను. లండనులో సరిగా నడచు లోలక గడియారము మద్రాసులోను రెండు నిమిషములకు మించి వెనుకఁబడును. అనఁగా రాయి యెల్లెడల నొకే తీరునఁ బడదు. ధ్రువమునఁ బడు రాయి మొదటి సెకనులో విశాఖపట్టణమునఁ బడు రాయికంటె రెండు సెంటీమీటర్లకుఁ బైగా నెక్కువ దూరము పడును. మద్రాసు వేధశాలలో గోల్డింగుహాము 1821లో కేటరు లోలకముతో నీ పరీక్షలే చేసెను.

వేగము మాట యట్లుండఁగా, మార్గము నిట్టనిలువు గీఁత కాదు. భూమి పడమటినుండి తూర్పునకుఁ దిరుగుచుండుటవలన కొండ శిఖరము పాదముకంటె కొంచెము వడిగా కదలును. అందువలన పైఁ జెప్పిన రాయి తూకపుదారము చూపు తావునకుఁ దూర్పుగా సుమారు 5 సెంటీమీటర్లు తొలఁగి పడును. కదలుచున్న వాహనమునుండి విడువఁబడిన వస్తువు తొలఁగుట దీనికంటె నెన్నో రెట్లు పెద్దది. రెండువేల మీటర్ల యెత్తున సెకనునకు 100 మీటర్ల వేగమునఁ బోవు విమానము బాంబును విడిచినచో, గాలిని లెక్కింపనప్పుడు, అది 20 సెకనులు పడి రెండు కిలోమీటర్లు ముందునకుఁ బోయి నేలను దాఁకును. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు విడిచిన దినమున, పౌరులకు తెలియకుండనే యీ గణితము వారి తలలపై నడచినది.

పతనమును గణించుటకు కాలము, దూరము రెండును నిశ్చితముగా తెలియవలెను. 19వ శతాబ్దిలో విశాఖపట్టణమున నీ రెండు పనులును వేర్వేఱుగా సాగెను. కాలనిర్ణయమునకుఁ బూనినవారు గోడే వెంకట జగ్గారావుగారు. ఆయన 1817లో జన్మించి, మద్రాసు వేధశాలాధికారియైన టెయిలరు నొద్ద గణితజ్యోతిషముల నభ్యసించి, 1840 ప్రాంతమున డాబాతోటలోని స్వగృహమున వేధశాలను నెలకొల్పిరి. డాల్ఫిన్సు నోసుపై జెండాను నియతకాలమున దించి పురజనులకు వేళ నెఱిఁగించు నేర్పాటును వీరి కుటుంబము నడపినదే. జమీందారులు భోగములకు వెచ్చించు ధనమును దూరదర్శినులకు వెచ్చించుట ఆ కాలమున సామాన్యము కాదు. 1856లో ఆయన గతింపఁగా, అల్లుఁడు అంకితము వెంకట నరసింగరావుగారు ఆ పనిని కొనసాగించి, 1874 డిసెంబరులో శుక్రుఁడు సూర్యబింబమును దాఁటుటను పరిశీలించిరి. 1871లోనే ఆయనకు లండను రాజకీయ జ్యోతిశ్శాస్త్ర సంఘమున సభ్యత్వము లభించియుండెను.

దూరమును కొలిచినవాఁడు బసేవీ. భారత త్రికోణమితి సర్వేలోని యీ యువ ఇంజనీరు 1862లో విశాఖపట్టణపు ఆధారరేఖను ఇనుము, ఇత్తడి కడ్డీలను జతపఱచిన కోల్బీ పరికరములతో కొలిచెను. వేఁడిమికి కడ్డీలు పెరిగినను కొలత చెడకుండుటకే ఆ జత. 480 మైళ్ల దూరముననున్న కలకత్తా ఆధారరేఖనుండి త్రిభుజముల మూలమున గణించిన పొడవునకును, నేలపైఁ గొలిచిన పొడవునకును భేదము అర యంగుళము మాత్రమే. ఆ యెండలో కడ్డీలను మోసి, సరిచేసి, మరల మోసిన ఖలాసీల పేళ్లు ఇట్టి చరిత్రలలో సామాన్యముగాఁ గానరావు.

ఇంతటి నేర్పు చూపిన బసేవీకే 1865 మొదలు లోలక పరీక్షలు అప్పగింపఁబడెను. గాలిని తోడివేసిన పాత్రలో ఇత్తడి లోలకము నూఁగించి, దానిని గడియారపు లోలకముతోఁ బోల్చుచు, రెండును ఏకీభవించు క్షణములను దూరదర్శినితో కనిపెట్టుచు నతఁడు దేశమునఁ బలు తావుల దిరిగెను. హిమాలయ పాదమున ఆకర్షణ లెక్కకంటె తక్కువగాను, సముద్రతీరములందును మినికాయి దీవియందును ఎక్కువగాను కనఁబడెను. పర్వతమువంటి రాశి చెంతనుండఁగా ఆకర్షణ తగ్గుట వింత. పర్వతముల క్రింద తేలికయైన పదార్థము కలదనియు, సముద్రగర్భమున బరువైనది కలదనియు ప్రాటు మున్నగువారు చేసిన ఊహకు ఇది బలమిచ్చెను.

దీనిని రూఢిపఱచుటకు అతఁడు లడకులోని మోరే మైదానమునకు, 15 వేల అడుగులకు మించిన యెత్తునకు, పరికరములను మోయించుకొని పోయి పరీక్ష ముగించెను. అచ్చటను ఆకర్షణ కొఱఁతయే కానవచ్చెను. ఇంకొక స్థలమున పని కుపక్రమించుచుండఁగా ఆ చలిలో వ్యాధిగ్రస్తుఁడై 1871 జూలై 17వ తేదీన మరణించెను. అప్పటికి వయస్సు నలువదియేండ్లయినను నిండలేదు. ఆ లోలకములను ఇంగ్లండునకుఁ గొనిపోయి, కడపటి పోలికలు చేసి, మిగిలిన లెక్కలు ముగించినవాఁడు హెవిసైడను మఱియొక సర్వే యుద్యోగి.