తవ్వి తీసింది సరే, వదిలేసింది?

ఎర్రగుంట్ల చరిత్ర అంటే నాపబండలు, సిమెంటు ఫ్యాక్టరీలు, కలమల్ల థర్మల్ కేంద్రం గుర్తొస్తాయి. బండలు లారీకెక్కాక గని గట్టున పేరుకున్న రాతిముక్కల గుట్టలు గానీ, బొగ్గు కాలాక మిగిలిన బూడిద గానీ ఆ కథలోకి రావు. నేలలోంచి తీసినదాన్ని లెక్క రాసుకున్నాం, వదిలేసినదాన్ని రాసుకోలేదు. పులివెందుల పక్కన తుమ్మలపల్లెకు వచ్చేసరికి ఆ లెక్క రాయక తప్పదు.

అక్కడ యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (యుసిఐఎల్) గనికి 2007లో శంకుస్థాపన జరిగింది, 2012లో మిల్లు నడక మొదలైంది. రోజుకు 3000 టన్నుల ఖనిజం తీసే సామర్థ్యంతో కట్టారు. టన్ను రాయిలో యురేనియం అరకిలో కూడా ఉండదు. రాయి సున్నపు జాతిది, యాసిడ్‌ను తాగేస్తుంది. అందుకని పిండి చేసి సోడా ద్రావణంతో, వేడిలో, ఒత్తిడిలో యురేనియాన్ని కరిగిస్తారు. మిగిలిన పిండంతా బురదగా టెయిలింగ్ పాండ్‌కు చేరుతుంది. యురేనియం పోయినా రేడియం అందులోనే ఉంటుంది. అది సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. ఆ బురదను ఆపి ఉంచే కట్ట అన్నేళ్లూ నిలవాలి. కాబట్టి ఇది గనుల శాఖ ఒక్కదాని పని కాదు, మట్టినీ నీటినీ చదివే జియోటెక్నికల్ ఇంజనీరు పని.

ఆ చదువు ఎందుకు కావాలో నార్బర్ట్ మోర్గెన్‌స్టెర్న్ జీవితం చెబుతుంది. 1965లో ప్రైస్ అనే సహ పరిశోధకుడితో కలిసి వాలు జారుతుందో లేదో లెక్కగట్టే పద్ధతిని ఇచ్చిన ఈ కెనడా ఇంజనీరు, దశాబ్దాల తర్వాత కూలిన గని కట్టల విచారణలకు నాయకత్వం వహించాడు. 2014లో కెనడాలో మౌంట్ పాలీ కట్ట తెగింది. పునాది కింద ఉన్న బలహీనమైన బంకమట్టి పొరను ముందు ఎవరూ సరిగా గుర్తించలేదని ఆయన బృందం తేల్చింది. 2015లో బ్రెజిల్‌లో ఫుందావ్ కట్ట తెగి 19 మంది చనిపోయారు. ఆ విచారణకూ ఆయనే అధ్యక్షుడు. తెగేనాటిదాకా మౌంట్ పాలీ కూడా నిలిచే ఉంది. కనుక ‘ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు’ అన్న మాట భద్రతకు రుజువు కాదు.

మాది కరువు సీమ, ఇక్కడ వరద భయమేమిటని అడగవచ్చు. 2021 నవంబరు 19న ఇదే కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి ఊళ్లు మునిగాయి. ఏడాది సగటు వాన కట్టను కాపాడదు. ఒక్క రాత్రి వాన చాలు తెంచడానికి. కట్ట తెగకపోయినా నీరు ఇంకవచ్చు. తుమ్మలపల్లె పాండ్ దగ్గరి కొట్టాల గ్రామ రైతులు బోరు నీళ్లు చెడ్డాయని, అరటి దెబ్బతిందని మొరపెట్టుకున్నారు. కారణం తమ పాండ్ కాదని సంస్థ అంది. ఈ వాదన తేలాలంటే ఏళ్ల తరబడి తీసిన నీటి కొలతలు అందరి ముందూ ఉండాలి. దేశానికి యురేనియం కావాలి, ఊరికి ఉద్యోగాలు కావాలి అన్న వాదన నిజమే. కానీ దేశానికి అవసరమైన పనైతే దాని కాపలా ఖర్చు కూడా దేశమే మోయాలి, కొట్టాల బోర్లు కాదు.

ఇలాంటి గని కట్టలపై 2020లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం స్వతంత్ర సమీక్షను, ప్రజలకు సమాచారాన్ని కోరుతోంది. తుమ్మలపల్లెలోనూ అదే జరగాలి: కట్ట లోపలి నీటిమట్టం, చుట్టూ బోర్ల పరీక్షలు తెలుగులో గ్రామసభ ముందు పెట్టాలి. గని మూతపడ్డాక కూడా ఆ కొలతలు ఆగకూడదు.