మా తిండి – మా చరిత్ర (9): తవుడు తిన్న కోడి

పోయిన భాగం అంబలి మీద రాశాక కొందరు విద్యార్థులు ఇన్‌బాక్స్‌లో ఒకటే అడిగారు. "అన్నా, మనం తినే తిండిలో కులం ఉందంటే ఒప్పుకుంటాం. పెరట్లో కోడికి వేసే మేతలో కూడా ఉంటుందా?" అని. ఉంటుంది తమ్ముళ్ళూ. ఈ భాగమంతా దాని గురించే. కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మనుస్మృతి అయిదో అధ్యాయం 19వ శ్లోకం తీయండి. ఊరకోడిని తిన్న ద్విజుడు పతితుడవుతాడని ఉంటుంది. అదే జాబితాలో ఊరపంది, ఉల్లి, వెల్లుల్లి, పుట్టగొడుగు. పదో అధ్యాయం 51, 52 శ్లోకాలకు పోతే చండాలుడు ఊరి బయట ఉండాలి, కుక్కలూ గాడిదలే అతని ఆస్తి, పగిలిన పాత్రల్లో తినాలి. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో బాబాసాహెబ్ ఈ పుస్తకాన్ని ఎందుకు కాల్పించాడో తెలియాలంటే ఇలాంటి చిన్న చిన్న శ్లోకాలు చదవాలి. ఊరకోడి ఎందుకు పనికిరాదో ఆ శ్లోకం చెప్పదు. మా ఊళ్ళో మాత్రం కారణం చెప్పేవాళ్ళు: పెంటకుప్ప మీద ఏరుకు తింటుందట. నిజమే, ఏరుకు తింటుంది. కూలి గింజల మీద బతికే ఇంట్లో కోడికి కొలిచి పోసే ధాన్యం ఎక్కడిది? కల్లంలో ఊడ్చుకొచ్చిన తాలు గింజలు, చెరగ్గా రాలిన నూకలు, దంచగా మిగిలిన తవుడు. అదే దాని మేత.

కానీ అది తోచినట్టు విసిరేసే మేత కాదు. మా అమ్మ లెక్క మా అమ్మకుండేది. తవుడులో గంజి పోసి ముద్ద చేసి పొద్దున్నే పెట్టేది. పొడిగా వేస్తే గాలికి పోతుంది, కోడి గొంతుకు కూడా పడుతుంది. పిల్లలు పొదిగి దిగిన వారం పది రోజులకు వాటికి చెదలు కావాలి. పాత కుండలో కాస్త పేడ, తడిపిన గడ్డి కుక్కి, సాయంత్రం చెదపుట్ట పక్కన బోర్లించి వచ్చేది. తెల్లారేసరికి కుండ నిండా చెదలు. దులిపితే చాలు, పిల్లలు ఎగబడేవి. గుడ్లు పెట్టే పెట్టకు పంటకాలవ నత్తలు చితకొట్టి వేసేది. పెంకు పల్చబడిన గుడ్డు కనబడితే చాలు, మమ్మల్ని నత్తలకు తరిమేది. పిల్లకు మాంసకృత్తులు, పెట్టకు కాల్షియం అని ఇవాళ పశువైద్య కళాశాలలో చెప్పే పాఠమే ఇది. అమ్మకు ఆ మాటలు తెలియవు. ఎప్పుడు ఏది పెట్టాలో తెలుసు. ఆ కోళ్ళ మీద వచ్చిన డబ్బు కూడా ఆమెదే, మా నాన్న అడిగేవాడు కాదు. మా పరీక్ష ఫీజులు అందులోంచే కట్టింది.

ఇప్పుడు తవుడు దగ్గర ఆగుదాం. అసలు కథ దానిదే. దానికోసం సముద్రం దాటి జావా దాకా వెళ్ళాలి.

1890 ప్రాంతాల్లో జావా డచ్చి వాళ్ళ వలస. అక్కడ బెరిబెరి అనే జబ్బుతో సైనికులు, ఖైదీలు కాళ్ళు పడిపోయి చచ్చిపోతున్నారు. ఇది సూక్ష్మక్రిమి పనే అనుకుని వెతుకుతున్న డాక్టరు పేరు క్రిస్టియాన్ ఐక్‌మాన్. ప్రయోగాలకని కోళ్ళు పెంచుతున్నాడు. ఉన్నట్టుండి కోళ్ళకే కాళ్ళు పడిపోవడం మొదలైంది. కొన్నాళ్ళకు వాటంతటవే లేచి తిరిగాయి. ఏమైందని ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఆ మధ్యకాలంలో వాటికి సైనిక ఆసుపత్రి వంటింట్లో మిగిలిన అన్నం పెట్టారు. బాగా పాలిష్ పట్టిన తెల్ల బియ్యం అన్నం. తర్వాత వంటవాడు మారాడు. కొత్తవాడు, సైన్యం అన్నం సైన్యానిదే, బయటి కోళ్ళకు ఇవ్వనన్నాడు. దాంతో మళ్ళీ తవుడు పోని ముతక బియ్యం వేశారు. కోళ్ళు బతికాయి.

ఆ వంటవాడి పేరు చరిత్రలో లేదు. గమనించండి.

తర్వాత వోర్డర్‌మాన్ అనే అధికారి జావాలో సుమారు 100 జైళ్ళ లెక్క తీశాడు. తెల్ల బియ్యం పెట్టే జైళ్ళలోనే బెరిబెరి విపరీతంగా ఉంది. ఐక్‌మాన్ మాత్రం బియ్యంలో ఏదో విషం ఉందని, దానికి తవుడు విరుగుడని అనుకున్నాడు. విషం కాదు, తవుడుతోపాటు ఏదో పోషకమే పోతోందని 1901లో చెప్పింది ఆయన తర్వాత పనిచేసిన గ్రిన్స్. 1912లో ఫంక్ ఇలాంటి పదార్థాలకు 'విటమిన్' అన్న పేరు పెట్టాడు. 1926లో జావాలోనే తవుడు నుంచి దాన్ని విడదీశారు. ఇప్పుడు మనం బి1 అంటున్నది అదే. 1929లో ఐక్‌మాన్‌కు నోబెల్ బహుమతిలో సగం వచ్చింది. కోడి మేత మారడంతో మొదలైన కథ ఇది.

మనకేంటి సంబంధం అంటారేమో. ఉంది. జావా ప్రయోగాలకు యాభై ఏళ్ళకు ముందే, 1835లో, మాల్కమ్‌సన్ అనే మద్రాసు సైన్యం డాక్టరు బెరిబెరి మీద ఒక పెద్ద వ్యాసం అచ్చువేశాడు. అందులో ప్రధానంగా రాసింది ఉత్తర సర్కారుల గురించి. అంటే గంజాం నుంచి మచిలీపట్నం దాకా ఉన్న మన కోస్తా. ఆ తర్వాత రైసు మిల్లులు వచ్చాయి. కూనూరులోని పోషకాహార పరిశోధనశాల వాళ్ళు 1930ల్లో సర్కారు జిల్లాల బెరిబెరికీ పాలిష్ పట్టిన పచ్చిబియ్యానికీ ఉన్న లంకెను పట్టుకున్నారు. ఉప్పుడు బియ్యం తినేచోట, జొన్నలు, చోళ్ళు తినేచోట ఆ జబ్బు ఊసు తక్కువ. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదు వచ్చింది. ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అదే.

అన్నం ఎంత తెల్లగా ఉంటే ఇల్లు అంత గొప్పదని నేర్పిన సమాజం మనది. "తవుడు తినే మొహం" అని తిట్టేవాళ్ళు మమ్మల్ని. ఆ తవుడే మందు అని తేలాక కూడా తిట్టు పోలేదు.

మేతలో హోదా ఇంకో వైపు నుంచీ చూడండి. సంక్రాంతి దగ్గరపడితే గోదావరి జిల్లాల్లో పందెం పుంజుకు బాదం, జీడిపప్పు, ఉడికించిన గుడ్డు, కైమా పెడతారు. ఈత కొట్టిస్తారు, ఒళ్ళు కాపుతారు. ఆ పుంజును సాకే జీతగాడు చాలాచోట్ల మనవాడే. తను పుంజు నోట్లో పెట్టే బాదం అతని పిల్లల నోట్లో పడదు. ఇది చదువుతుంటే 'కులనిర్మూలన' చదివిన వాళ్ళకు చక్వారా గుర్తు రావాలి. 1936లో జైపూర్ సంస్థానంలోని ఆ ఊళ్ళో ఒక అంటరాని మనిషి యాత్ర నుంచి వచ్చి తనవాళ్ళకు నేతి వంటలతో భోజనం పెట్టాడు. అంటరానివాళ్ళు నెయ్యి తినడమేమిటని వందల మంది లాఠీలతో వచ్చిపడి, వంటలన్నీ పాడుచేసి, తింటున్నవాళ్ళను కొట్టారు. పుంజు బాదం తింటే ముచ్చట, మనిషి నెయ్యి తింటే పొగరు.

ఇప్పుడు పెరటికోడి మళ్ళీ ఫ్యాషనైంది. మేడల మీద పెంచుతున్నారు, నాటుకోడి పేరు చెప్పి బ్రాయిలర్‌కు రెండింతలు గుంజుతున్నారు. కాల్షియం సీసాలు, విటమిన్ పొడులు, ఎండబెట్టిన పురుగుల ప్యాకెట్లు ఆన్‌లైన్లో అమ్ముతున్నారు. ఎండు పురుగుల ప్యాకెట్ ధర చూసి మా అక్క, చెదకుండ గుర్తొచ్చి, చాలాసేపు నవ్వింది. హైదరాబాదు కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ జాతులకు కూడా వాళ్ళు చెప్పే సలహా దాదాపు ఇదే: బయట తిరగనివ్వండి, సాయంత్రం నూకలు, తవుడు, గింజలు కాస్త వేయండి, గుడ్లు పెట్టేవాటికి కాల్షియం ఇవ్వండి. మంచి సలహా. ఈ విషయం చెప్పే శిక్షణ శిబిరాల్లో పాఠం చెప్పే కుర్చీలో పేటలోని ఆడమనిషిని ఒక్కదాన్ని కూర్చోబెట్టినా నాకు ఈ వ్యాసం రాసే పని తప్పేది.

అలాగని మనకు అన్నీ తెలుసని చెప్పను. కొక్కెర తెగులు వస్తే మా అమ్మ వెల్లుల్లి, పసుపు నూరి మింగించేది, పనిచేసేది కాదు. అది వైరస్, మేతతో పోదు. టీకా ఉంది, చవకైనదే. కానీ టీకా వేసే మనిషి ఊళ్ళోకి వచ్చేవాడు, మా పేటలోకి వచ్చేవాడు కాదు. ఒక్క ఎండాకాలంలో పద్దెనిమిది కోళ్ళు పోయాయి, ఆ ఏడు మా అన్న ఇంటర్ ఫీజుకు అప్పు చేశాం. ఈ పోస్టు చదివే యువకులారా, మీ పేటలో లెక్క తీయండి. పిల్ల పుట్టిన వారంలోపు కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క లసోటా, ఎనిమిది వారాలకు రెక్క దగ్గర ఆర్‌టూబీ సూది. ఎన్ని ఇళ్ళకు అందుతోందో రాసుకుని, ఆ కాగితం పట్టుకుని మండల పశువైద్యుడి దగ్గరకు వెళ్ళండి. టీకా సీసాను ఐసులో తేవాలి, ఎండలో పెడితే వృథా.

వచ్చే భాగం ఉప్పుచేప మీద. జై భీమ్.