అండాశయ కేన్సరు: చికిత్స, అనంతర జీవితము

కడుపుబ్బరము, రెండు ముద్దలకే కడుపు నిండినట్లుండుట మొదలగు సామాన్య లక్షణములతో అజీర్ణమని భ్రమింపజేయు ఈ వ్యాధి, పెక్కుమారులు ఉదరమంతయు వ్యాపించిన పిదపనే బయల్పడును. కంటికగుపించు కంతినెల్ల శస్త్రముచే తొలగించుటయే నేటికిని చికిత్సకు మూలము.

ఔషధములలో తొలి మలుపు యాదృచ్ఛికము. 1965లో అమెరికా శాస్త్రజ్ఞుడు బార్నెట్ రోజెన్‌బర్గ్, బాక్టీరియాపై విద్యుత్ప్రభావమును పరిశీలించుచు, ఎలక్ట్రోడులనుండి వెలువడిన ప్లాటినమే కణవిభజనను నిరోధించుచున్నదని గ్రహించెను. దాని ఫలమగు సిస్‌ప్లాటిన్ 1978లో ఆమోదము పొందెను. పసిఫిక్ యూ వృక్షపు బెరడునుండి మన్రో వాల్, మహారాష్ట్రమున జన్మించిన మన్‌సుఖ్ వానీ వేరుచేసి, 1971లో నిర్మాణమును ప్రకటించిన టాక్సాల్, 1992లో మొట్టమొదట ఈ వ్యాధికే అనుమతింపబడెను. బెరడు వలిచిన చెట్టు బ్రతుకదు గావున, తరువాత యూజాతి ఆకుల పదార్థమునుండి దానిని తయారుచేయసాగిరి. 2014లో వచ్చిన ఓలాపరిబ్ అను ఔషధము, బి.ఆర్.సి.ఎ. జన్యుదోషముగలవారికి విశేషముగా ఉపకరించుచున్నది.

చికిత్స ముగిసినంతమాత్రమున దేహము పూర్వస్థితికి రాదు. టాక్సాల్‌వలన వ్రేళ్లు తిమ్మిరెక్కి, రవికె హుక్కు పెట్టుకొనుటయు, సూదిలో దారమెక్కించుటయు నెలలతరబడి దుష్కరము కావచ్చును. అండాశయములు తీసివేయుటచే ముట్లుడిగి, ఒంట ఆవిరులు, నిద్రలేమి పీడించును. వ్యాధి తిరుగబెట్టుటను సూచించు, రక్తములోని సి.ఏ. 125 అను ప్రోటీను పరీక్షకై ఎదురుచూచుట మరియొక వేదన. లక్షణములు లేకున్నను ఆ అంకె పెరిగినవెంటనే చికిత్స నారంభించుటచే ఆయుర్దాయము పెరుగలేదని 2010లో ప్రకటితమైన ఐరోపా పరిశోధన తేల్చినను, ఆ పరీక్షపై మమకారము తగ్గలేదు. జన్యుదోషము తేలినచో అక్కచెల్లెండ్రకును, కుమార్తెలకును, పురుషసంతానమునకును పరీక్ష అవసరమగును. మన కుటుంబములలో ఈ చివరివారినే తరచు మరతురు.