ఉన్నత పాఠశాలలో సాంఖ్యక శాస్త్ర బోధన

సాంఖ్యక శాస్త్రం అనగా దత్తాంశాలను సేకరించి, క్రమబద్ధం చేసి, విశ్లేషించి, వాటి నుండి నిర్ణయాలు రాబట్టే శాస్త్రం. దీనిని గణాంక శాస్త్రం అని కూడా అంటారు. ఉన్నత పాఠశాల స్థాయిలో ఈ శాస్త్రాన్ని కేవలం సూత్రాల ద్వారా కాక ప్రయోగాలు, ఆటలు, ప్రాజెక్టు పనుల ద్వారా బోధించే పద్ధతి 20వ శతాబ్దం చివరి దశకాలలో పలు దేశాలలో వ్యాప్తి చెందింది.

తెలుగు మాధ్యమ పాఠ్యపుస్తకాలలో ఈ శాస్త్రం గణితంలో ఒక అధ్యాయంగా కనిపిస్తుంది. అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం, పౌనఃపున్య విభాజన పట్టిక, సోపాన చిత్రం, ఓజివ్ వక్రం అందులోని ముఖ్యాంశాలు. విద్యార్థి పుస్తకంలో ఇచ్చిన పట్టికను తీసుకొని సోపాన విచలన పద్ధతిలో సగటు కనుగొంటాడు. ఆ పట్టికలోని అంకెలు ఎక్కడివి, ఎవరు సేకరించారు, ఆ సగటుతో ఎవరికి ఏమి ప్రయోజనం అన్న ప్రశ్నలు చాలా తరగతులలో తలెత్తవు. నిజానికి శాస్త్రం మొదలయ్యేది ఆ ప్రశ్నలతోనే.

చరిత్ర

అమెరికా గణాంకవేత్త జాన్ టూకీ 1977లో ప్రచురించిన గ్రంథం పాఠశాల బోధనపై గట్టి ప్రభావం చూపింది. లెక్కకు ముందు దత్తాంశాన్ని కంటితో పరిశీలించాలన్నది ఆయన వాదం. కాండ-పత్ర చిత్రం, పెట్టె చిత్రం వంటివి ఆయన వలననే తరగతి గదికి చేరాయి.

అమెరికాలో హైస్కూలు విద్యార్థుల కొరకు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ స్టాటిస్టిక్స్ పరీక్ష 1997లో ప్రారంభమైంది. (సంక్షిప్తంగా దీనిని ఏపీ స్టాటిస్టిక్స్ అంటారు. ఇక్కడ ఏపీ అంటే ఆంధ్ర ప్రదేశ్ కాదు.) తొలి ఏడాది సుమారు 7,500 మంది ఈ పరీక్ష వ్రాయగా, 2019 నాటికి ఆ సంఖ్య 2 లక్షలు దాటింది. నమూనా సేకరణ, ప్రయోగ రూపకల్పనలకు ఇందులో పెద్ద పీట వేశారు. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2005లో ఆమోదించిన మార్గదర్శకాలు బోధనను నాలుగు దశలుగా చూపాయి: ప్రశ్నను రూపొందించడం, దత్తాంశం సేకరించడం, విశ్లేషించడం, ఫలితాన్ని వ్యాఖ్యానించడం. వీటి సవరించిన కూర్పు 2020లో వెలువడింది.

భారతదేశంలో ఈ శాస్త్రానికి పునాది వేసిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ జన్మదినమైన జూన్ 29ని 2007 నుండి గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు. ప్రపంచ ప్రసిద్ధ గణాంకవేత్త సి.ఆర్.రావు (1920-2023) విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినవాడే.

తరగతి గది ప్రయోగాలు

సగటు, మధ్యగతాల భేదం. తరగతిలో పదిమంది బడికి రావడానికి పట్టే సమయం నిమిషాలలో 5, 5, 6, 8, 10, 10, 12, 15, 20, 59 అనుకుందాం. మొత్తం 150, సగటు 15. కాని పదిమందిలో ఏడుగురికి సగటు కంటే తక్కువ సమయమే పడుతుంది. దూరపు ఊరినుండి వచ్చే ఒక్క విద్యార్థి సగటును పైకి లాగాడు. మధ్యగతం 10 మాత్రమే. ఆ 59 స్థానంలో 99 ఉంచితే సగటు 19 అవుతుంది, మధ్యగతం కదలదు. ఈ లెక్కను విద్యార్థుల సొంత సమయాలతో చేయిస్తే, తలసరి ఆదాయం పెరిగిందన్న వార్త చదివినప్పుడు ఏమి అడగాలో వారికే తోస్తుంది.

చింతగింజల లెక్క. చెరువులో చేపలెన్నో అన్నిటినీ పట్టకుండా తెలుసుకునే పద్ధతికి ఇది నమూనా. డబ్బాలోని గింజలలో 50 తీసి సున్నంతో గుర్తుపెట్టి తిరిగి కలపాలి. తరువాత 40 గింజలు తీస్తే వాటిలో 8 గుర్తున్నవి వచ్చాయనుకుందాం. అంటే అయిదింట ఒకటి. కనుక డబ్బాలో సుమారు 250 గింజలున్నాయని అంచనా. ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క జవాబు వస్తుంది. అన్ని జట్ల అంచనాలను బల్లపై గీసి, చివరకు గింజలన్నీ లెక్కపెట్టి సరిచూడాలి. జవాబులలోని ఈ తేడాలే అసలు పాఠం. సరిగా కలపని జట్టుకు అంచనా బాగా తప్పుతుంది, అదీ మంచిదే.

రుచి పరీక్ష. పాలలో టీ పోశారో, టీలో పాలు పోశారో రుచి చూసి చెప్పగలనన్న ఒక మహిళ విషయాన్ని రోనాల్డ్ ఫిషర్ 1935లో తన గ్రంథంలో వివరించాడు. ఎనిమిది కప్పులలో నాలుగు ఒక రకం, నాలుగు మరొక రకం. ఎనిమిదింటి నుండి నాలుగింటిని 70 విధాలుగా ఎన్నుకోవచ్చు. కాబట్టి ఊహించి అన్నీ సరిగా చెప్పే సంభావ్యత 1/70. కనీసం మూడు సరిగా చెప్పే సంభావ్యత మాత్రం 17/70, అనగా దాదాపు నాలుగింట ఒకటి. మూడు సరిపోయాయని చప్పట్లు కొట్టనవసరం లేదు. పాలు, టీ పొడి కలిపి మరిగించే మన ఇళ్ళలో ఈ ప్రశ్నకు తావు లేదు గనుక నల్లా నీరు, డబ్బా నీరు తీసుకొని ఒకే చల్లదనంలో ఉంచి ఇదే పరీక్ష చేయవచ్చు.

నాణెం వరుసలు. సగం తరగతి నాణెం నిజంగా 100 సార్లు ఎగురవేసి బొమ్మ, బొరుసులు వ్రాస్తుంది. మిగతా సగం నాణెం లేకుండా ఊహించి వ్రాస్తుంది. ఎవరివి ఏ కాగితాలో ఉపాధ్యాయుడు చూసి చెప్తాడు. రహస్యం సులభం: నిజమైన వరుసలో ఒకే ఫలితం వెంటవెంటనే అయిదు లేక అంతకన్నా ఎక్కువసార్లు రావడం నూటికి సుమారు 97 సందర్భాలలో జరుగుతుంది. ఊహించి వ్రాసేవారు అంత పొడవైన వరుస వ్రాయడానికి జంకుతారు. ప్రాజెక్టు పనులలో అంకెలను ఇంట్లో కూర్చొని సృష్టించే అలవాటుకు ఇంతకంటే మంచి మందు లేదు.

ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ 1973లో ఇచ్చిన నాలుగు దత్తాంశాలు కూడా ప్రసిద్ధం. నాలుగింటికీ సగటులు, విస్తృతులు, సహసంబంధ గుణకం (0.816) దాదాపు ఒకటే. గ్రాఫు గీస్తే ఒకటి సరళరేఖ చుట్టూ, ఒకటి వక్రంగా, మిగతా రెండు ఒక్క బిందువు వల్ల చెడినవిగా కనిపిస్తాయి.

ప్రాజెక్టు పనులు

మంచి ప్రాజెక్టుకు మంచి ప్రశ్న ప్రాణం. "మా ఊరి గురించి సర్వే" అన్నది ప్రశ్న కాదు. "మధ్యాహ్న భోజనంలో ఏ రోజున ఎక్కువ అన్నం మిగిలిపోతుంది?" అన్నది ప్రశ్న. దానికి ఏమి కొలవాలో, ఎన్ని రోజులు కొలవాలో విద్యార్థులే తేల్చుకోవాలి. మిగిలిన అన్నాన్ని తూచాలా, పళ్ళాలను లెక్కించాలా అన్న వాదనలో సగం శాస్త్రం ఉంది.

ఎవరిని అడిగామన్నది మరొక ముఖ్య విషయం. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి పత్రాలు పంపింది. 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. లాండన్ గెలుస్తాడని పత్రిక ప్రకటించగా రూజ్వెల్ట్ 48 రాష్ట్రాలలో 46 గెలిచాడు. చిరునామాలు ఎక్కువగా టెలిఫోను, కారు గలవారివి. పైగా జవాబివ్వనివారే అధికం. స్నేహితులను మాత్రమే అడిగి "మా బడి అభిప్రాయం" అని వ్రాసే విద్యార్థికి ఈ కథ తప్పక చెప్పాలి.

కుటుంబ ఆదాయం, కులం, శరీర బరువు, మార్కులు వంటి వివరాలను తరగతిలో బహిరంగంగా సేకరించడం తగదు. అంకెల వెనుక ఒక పిల్లవాడు నలుగురిలో సిగ్గుపడవలసి వస్తుంది. అవసరమైతే పేర్లు లేని చీటీలు వాడాలి, లేదా అంశాన్నే మార్చుకోవాలి.

ఆటంకాలు

సిలబస్ పూర్తిచేయాలన్న ఒత్తిడి, పెద్ద తరగతులు ప్రధాన ఆటంకాలు. భారతదేశంలో 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం బడి వెలుపలి జీవితంతో చదువును ముడిపెట్టాలని సూచించినప్పటికీ, ప్రాజెక్టులు చాలాచోట్ల రంగు అట్టలు, నకలు వ్రాతలుగా మిగిలాయి. అట్ట అందానికి మార్కులు వేస్తే జరిగేది అదే. దత్తాంశం ఎలా వచ్చిందో రెండు నిమిషాలు మౌఖికంగా అడిగితే నకలు ఇట్టే బయటపడుతుంది.

కంప్యూటరు లేకపోవడం పెద్ద లోపం కాదు. పైన చెప్పిన ప్రయోగాలకు గళ్ళ కాగితం, నాణెం, గింజలు చాలు. కంప్యూటరు ఉన్నచోట స్ప్రెడ్‌షీట్‌తో లెక్కలు త్వరగా ముగించి ఆ సమయాన్ని చర్చకు వాడుకోవచ్చు. 2011 జనాభా లెక్కలలో జిల్లా, గ్రామ స్థాయి పట్టికలు కూడా ఉన్నందున విద్యార్థులు తమ సొంత గ్రామం అక్షరాస్యతను పక్క గ్రామాలతో పోల్చి చూడవచ్చు.